‘తోడెవరు?’ కాదు, ‘దారేది?’

స్త్రీ ఇల్లు దాటినప్పుడల్లా మన సమాజం అడిగేది ఒకటే ప్రశ్న: తోడెవరు? దారి ఎలా ఉంది, దీపం ఉందా, మరుగుదొడ్డి ఉందా అని అడగదు. రక్షణ పేరుతో అడిగే ఈ ప్రశ్న నిజానికి అనుమతి గురించిన ప్రశ్న. దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కును రాజ్యాంగం 19(1)(డి) అధికరణంలో పౌరులందరికీ ఇచ్చింది. ఆ పౌరుల్లో ఆడవాళ్లు కూడా ఉన్నారన్న సంగతి ఇంటికీ రోడ్డుకీ ఇంకా తెలిసినట్టు లేదు.

ఈమధ్య నలుగురు స్నేహితురాళ్లం విజయవాడ నుంచి కాకినాడ దాకా సైకిళ్ల మీద వెళ్లాం. అందరం నలభై దాటినవాళ్లమే. మొదటి రోజు బందరు దాకా, దాదాపు 70 కిలోమీటర్లు. చీకటితోనే బయల్దేరి కంకిపాడులో ఇడ్లీ తినేసరికే ‘మగవాళ్లెవరూ రాలేదా?’ అన్న మాట మూడుసార్లు విన్నాం. ఉయ్యూరు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు మోటారు సైకిలు మీద చాలా దూరం మా పక్కనే వచ్చారు. నలుగురం ఒకేసారి ఆగి బండి నెంబరు పైకి చదివి రాసుకుంటే వెళ్లిపోయారు. కానీ ఆ రోజు మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది వాళ్లు కాదు. మూత్రానికి వెళ్లే చోటు లేక ఎండలో నీళ్లు తాగటం మానేశాం. ఒక పెట్రోలు బంకులో మరుగుదొడ్డి ఉంది, దానికి తాళం ఉంది, తాళంచెవి మాత్రం ‘ఓనరు దగ్గర’ ఉంది. లారీ హారన్ కొట్టినప్పుడల్లా తారు రోడ్డు దిగి కంకరలోకి పోవలసిందే. కుర్రాళ్ల మీద ఫిర్యాదు చెయ్యటానికి పోలీసు స్టేషనుంది. ఈ రోడ్డు మీద ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి?

పామర్రు దాటాక టీ బంకు దగ్గర మినప చేలకు వెళ్లే కూలి ఆడవాళ్లు ఆటో కోసం నిలబడి ఉన్నారు. ఒకామె నా సైకిలు హ్యాండిలు పట్టుకుని, ‘మా పిల్లకి కూడా బళ్లో ఇచ్చారండీ. వాళ్లన్న తొక్కుతున్నాడు’ అంది. పక్కనున్నామె, ‘ఆటో ఎక్కడికెళితే మాకక్కడే పని, వాళ్లు ఎంతిస్తే అదే కూలి’ అంది. స్త్రీల కదలికకూ కూలి రేటుకూ ఉన్న సంబంధం ఇంతకన్నా స్పష్టంగా ఏ సెమినారు పేపరూ చెప్పలేదు.

భూమి, కూలి, హింస లాంటి సమస్యలుండగా ఈ సైకిలు యాత్రలు మధ్యతరగతి సరదా కదా అని మనవాళ్లే అంటారు. సరదానే. మగవాడు సెంటర్లో కూర్చుని కబుర్లు చెప్పటానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వడు. ఆడది పని లేకుండా రోడ్డు మీద కనిపిస్తే మాత్రం కారణం చెప్పాలి. పని కోసం మాత్రమే బయటికి రానిచ్చే సమాజం ఇస్తున్నది హక్కు కాదు, సెలవు చీటీ. ఇక కూలి సంగతంటారా, రెండు ఊళ్ల అవతలికి సొంతంగా వెళ్లలేని మనిషి బేరమాడలేదు.

ఇది కొత్త పాఠం కూడా కాదు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం చదువుతో పాటు సైకిలు నేర్పింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ కార్యకర్తలకు సైకిళ్లు కొనుక్కోవటానికి అప్పులిప్పించారు. వేలాది గ్రామీణ స్త్రీలు తొక్కటం నేర్చుకున్నారు. ముందున్న కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు మగవాళ్ల సైకిళ్లనే కోరుకున్నారు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లివ్వటం మొదలైంది. దానివల్ల హైస్కూల్లో వాళ్ల నమోదు 32 శాతం పెరిగిందనీ, బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఫలితం ఎక్కువనీ కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ 2017లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది.

ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో వచ్చింది. దాన్ని ఎగతాళి చేసేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే బస్సు స్టాపు దాకానే వస్తుంది. స్టాపు నుంచి చేనికి, చేను నుంచి ఇంటికి, చీకటి పడ్డాక మీటింగు నుంచి వాడకు ఎవరు తీసుకెళతారు?

ప్రభుత్వాన్ని అడగవలసినవి అడుగుదాం: రోడ్డు వెడల్పు చేసేటప్పుడు సైకిలుకీ నడకకీ విడిగా దారి, దారి పొడుగునా తాళం లేని మరుగుదొడ్లు, బడిలో ఇచ్చిన సైకిలు పిల్ల దగ్గరే ఉందా అన్న విచారణ. కానీ మన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. స్వచ్ఛంద సంస్థల్లో ఆఫీసు బండి ఎవరి పేరున ఉంది? మగ కార్యకర్త సొంతంగా ఊళ్లు తిరుగుతుంటే, మహిళా కార్యకర్త అతని బండి వెనక సీటు మీద కూర్చునో, ఆటో కోసం ఎదురుచూస్తూనో సగం రోజు పోగొట్టుకోవటం లేదా? తర్వాత ‘ఆడవాళ్లు ఫీల్డుకి తక్కువ వెళుతున్నారు’ అని రిపోర్టులో రాసేది మనమే కదా! వచ్చే ఏడాది బడ్జెట్టులో జెండరు శిక్షణలకు కేటాయించే డబ్బులో కొంత తీసి మహిళా కార్యకర్తలకు సైకిళ్లో స్కూటర్లో కొనండి, నడపటం నేర్పించండి. ఆ తర్వాత ఊళ్లోకి వెళ్లి స్వేచ్ఛ గురించి మాట్లాడదాం.