గుర్రపుడెక్కకి కొల్లేరునే మారుస్తామా?

నవల టైపు చేద్దామని కూర్చుంటే కంప్యూటర్లో మెనూ ఆవులిస్తూ తెరుచుకుంటోంది! ఏలూరు షాపులో చూపిస్తే, "పాతబడిందమ్మా, కొత్తది కొనెయ్యండి" అన్నాడు కుర్రాడు. తాడేపల్లిగూడెంలో మా ఆడపడుచుకీ ఇదే వైద్యమట! గుర్రపుడెక్క పట్టిందని కొల్లేరునే మార్చేస్తామా? డెక్క తీస్తాం గానీ!

అసలు సంగతి వినండి. విండోస్ మెనూలో బాణం గుర్తున్న వరుస మీద మౌస్ నిలిపితే, లోపలి మెనూ 400 మిల్లీసెకన్లు ఆగి తెరుచుకునేటట్లు తయారుచేసినవాళ్ళే పెట్టారు, చెయ్యి తగిలిందల్లా తెరుచుకోకుండా. పైగా మెల్లగా తేలివచ్చే సోకులొకటి! విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో విజువల్ ఎఫెక్ట్స్‌కి వెళ్ళి యానిమేషన్ ఎఫెక్ట్స్ ఆపెయ్యండి. ఆ సోకు కాస్తా వదులుతుంది. ఇక మౌస్ కుడి మీట నొక్కితే వచ్చే జాబితా. మనం ఎక్కించిన ప్రోగ్రాములు కొన్ని పిలవని చుట్టాల్లా అందులో వచ్చి కూర్చుంటాయి. వాటిలో ఒక్కటి మొండికేసినా జాబితా అంతా ఆగుతుంది. వాడనివాటిని తీసెయ్యండి.

నిజంగా ముసలిదైతే మెనూ ఒక్కటే కాదు, అన్నీ నత్తనడకే. అప్పుడు కొనండి, కాదన్ను.

బీరకాయని గిల్లి చూడందే కొనని మనం, కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి నోరెత్తకుండా పర్సు తియ్యడమేమిటి? "ఏం చెడిందో చూపించు బాబూ" అని అడగండి. అడిగినందుకు బిల్లెయ్యరు సుమా!