పెద్దమనిషి మాట, ఆడదాని సాక్ష్యం

రాజకీయాల్లో 'మధ్యేవాది' అన్న మాటని పొగడ్తగానే వాడతారు. పార్టీ చెప్పిందల్లా చెయ్యకుండా సొంత బుర్రతో ఆలోచించే మనిషని అర్థం. అమెరికా సెనేట్‌లో ఆ పొగడ్త బాగా దక్కిన స్త్రీ సుసాన్ కాలిన్స్. మెయిన్ రాష్ట్రం నుంచి రిపబ్లికన్‌గా గెలిచి 1997లో సభలో అడుగుపెట్టారు. అబార్షన్ హక్కుని సమర్థిస్తానని చెప్పుకునే రిపబ్లికన్ ఆవిడ. నేనుండేది టెక్సాస్‌లో. ఆవిడ నా ప్రతినిధి కాదు. అయినా ఆవిడ వేసిన ఓటు మా ఇళ్ళదాకా వచ్చింది.

ఆవిడకి దక్కాల్సిన గౌరవం ముందు ఇచ్చేద్దాం. 2017 జూలై 28న, అర్ధరాత్రి దాటాక, ఒబామా కాలపు ఆరోగ్య బీమా చట్టాన్ని దెబ్బతీసే బిల్లు 49-51 ఓట్లతో వీగిపోయింది. లోకానికి గుర్తున్నది జాన్ మెకెయిన్ కిందికి దించిన బొటనవేలు. కానీ మూడు రోజుల ముందు ఆ చర్చ మొదలుపెట్టడానికి మెకెయిన్ ఔనన్నారు. అప్పుడే కాదన్న రిపబ్లికన్లు ఇద్దరే. కాలిన్స్, అలాస్కాకి చెందిన లీసా మర్కౌస్కీ. పేరు మాత్రం మగవాడికి వచ్చింది. ఇది మనకి కొత్తా?

అంత తెగువ ఉన్న మనిషి 2018లో ఏం చేశారు?

ఆ ఏడాది సెప్టెంబర్ 27న క్రిస్టీన్ బ్లేసీ ఫోర్డ్ అనే ప్రొఫెసర్ సెనేట్ కమిటీ ముందు ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పారు. సుప్రీంకోర్టుకి నామినేట్ అయిన బ్రెట్ కవనా స్కూలు రోజుల్లో తన మీద లైంగిక దాడి చేశాడన్నారు. ఆయన కాదన్నారు. అక్టోబర్ 5న కాలిన్స్ ముప్పావుగంట మాట్లాడారు. ఫోర్డ్ మీద దాడి జరిగిందని నమ్ముతానన్నారు. అది చేసింది కవనాయే అనడానికి మాత్రం తగిన ఆధారం లేదన్నారు. మరి అబార్షన్ హక్కు మాటేమిటి? ఆగస్టులో ఆయన్ని కలిసి రెండు గంటలు మాట్లాడి, అది స్థిరపడిన చట్టమని ఆయన ఒప్పుకున్నారని బయటికొచ్చి చెప్పారు. అదే చాలింది.

ఆధారం అడగడం తప్పని నేననను. ఆ తూకం రాళ్ళు మగవాడి మాట దగ్గర ఏమైపోయాయన్నదే నా ప్రశ్న. ప్రమాణం చేసి అందరి ముందూ చెప్పిన ఆడదాని మాటకి సాక్ష్యం కావాలి. తలుపు మూసిన గదిలో ఆయనిచ్చిన హామీకి ఏ సాక్ష్యమూ అక్కర్లేదు!

ఆవిడ ఒక్కరి ఓటు మారినా ఫలితం మారేది కాదంటారు. లెక్క అదే కావచ్చు. కానీ ఆవిడ ప్రసంగం ముగిసిన కొద్ది నిమిషాలకే డెమోక్రాట్ జో మాంచిన్ కూడా ఔనన్నారు. మర్నాడు 50-48తో కవనా నెగ్గారు. 2020లో జడ్జి బారెట్‌ని కాదన్న ఏకైక రిపబ్లికన్ కాలిన్సే. ఎన్నికల ముందు ఆ నియామకం తగదన్నారు. అయినా బారెట్ 52-48తో నెగ్గారు. ఫలితాన్ని మార్చని ఓటు స్వతంత్రంగా వెయ్యడం తేలికే.

2022 జూన్ 24న సుప్రీంకోర్టు 1973 నాటి హక్కుని కొట్టేసింది. కొట్టేసిన వాళ్ళలో కవనా ఉన్నారు. తనతో ఆయన చెప్పిన దానికి ఇది పొసగడం లేదన్నారు కాలిన్స్. ఆగస్టులో ఆ హక్కుని చట్టం చెయ్యాలని మరో ముగ్గురితో కలిసి బిల్లు పెట్టారు. అది గట్టెక్కలేదు. దొంగలు పడ్డాక తాళం కొనడం అది. అదే నెలలో టెక్సాస్‌లో అబార్షన్ దాదాపు పూర్తిగా నేరమైంది. వీసా భర్త పేరున, డబ్బు భర్త చేతిలో ఉన్న మన పిల్లకి మరో రాష్ట్రం వెళ్ళి రావడం ఎంత తేలికో మీరే ఆలోచించండి.

మన పంచాయితీల్లో పెద్దమనుషులూ మధ్యేవాదులే. "ఇంక కొట్టనని మాటిచ్చాడు, వెళ్ళమ్మా" అంటారు. మాటిచ్చేది వాడు, నమ్మేది వాళ్ళు, దెబ్బలు తినేది ఆమె. కుర్చీలో స్త్రీ కూర్చున్నంత మాత్రాన ఆ పంచాయితీ మారదు. మన హక్కు ఎవరో ఇచ్చిన మాట మీద కాదు, చట్టం మీద నిలబడాలి.