బాలిలో గుంట భూమి ఎంత?

2025 చివర్లో బాలి దీవిలోని జతిలువి గ్రామంలో రైతులు తమ వరిమళ్లలో రేకులు పాతారు. ఇళ్ల కప్పులకు వాడే జింకు రేకులే. కొన్నిచోట్ల ప్లాస్టిక్ పట్టాలూ కట్టారు. ఎండ పడితే రేకు ఎలా మెరుస్తుందో తెలిసిందే. సముద్రాలు దాటి ఫోటోలకు వచ్చినవాళ్లకు ఆ పచ్చటి మెట్ల పొలాల నడుమ ఈ తళతళలే కనబడాలన్నది రైతుల పట్టు. పంటభూముల్లో నిబంధనలకు విరుద్ధంగా కట్టారంటూ అక్కడి హోటళ్లు, బసలు కొన్నింటికి అధికారులు సీళ్లు వేయడంతో మొదలైంది ఈ గొడవ. సీళ్లు పడినవాటిలో స్థానిక రైతులవీ ఉన్నాయి. మా పొలం చూడ్డానికి వచ్చినవాడికి మేం కాఫీ అమ్ముకోకూడదా అని రైతు బాధ. అందరూ కాఫీలే అమ్మితే చూడ్డానికి పొలం ఎక్కడ మిగులుతుందని ప్రభుత్వం వాదన.

రెండింట్లోనూ న్యాయం ఉంది. నా మొగ్గు మాత్రం రేకులు పాతినవాళ్ల వైపే. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ పొలానికి నీళ్లు ఎలా వస్తాయో చెప్పాలి.

జతిలువి తబనాన్ జిల్లాలో, బతుకారు కొండ దిగువన, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. తబనాన్ బాలికి ధాన్యాగారం. కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి మళ్లు చేశారు. అక్కడి దేశవాళీ ఎర్రబియ్యం పంటకు ఆరు నెలలు పడుతుంది. వరి అంటే వాళ్లకు దేవి శ్రీ. పూర్వం ఆడవాళ్లు అరచేతిలో ఇమిడిపోయే చిన్న కత్తితో ఒక్కో వెన్నూ కోసేవారు. కొడవలి కనబడితే ఆ దేవి బెదురుతుందని నమ్మకం.

ఈ మళ్లన్నింటికీ నీళ్లు పంచేది సుబక్ అనే రైతుల సంఘం. 11వ శతాబ్దపు శాసనాల్లోనే దీని ప్రస్తావన ఉంది. 2012లో యునెస్కో బాలిలోని 5 చోట్ల మొత్తం 19,500 హెక్టార్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పేరుకు గుళ్లూ పొలాలే కానీ గుర్తింపు దక్కింది అసలు ఈ సంఘానికే.

కాలువ చీలే చోటుకు వెళ్లి చూస్తే సంగతి తెలుస్తుంది. నీటికి అడ్డంగా ఒక దుంగ, దాని మీద గాట్లు. ఒక గాటు వెడల్పు, ఇంకోటి ఇరుకు. కిందనున్న ఆయకట్టు ఎంతో, సంఘానికి అక్కడి రైతులు చేసే పని ఎంతో చూసి గాటు కొలత తేలుస్తారు. ఆ వంతును తెక్‌తెక్ అంటారు. తలుపు లేదు, తాళం లేదు, మోటారు అసలే లేదు. నడిరాత్రి ఎవడైనా వచ్చి తన గాటును వేలెడు పెంచుకున్నాడా, తెల్లారేసరికి ఊరంతా చూస్తుంది. జరిమానా ఎంతో ఊరి కట్టుబాటులో రాసే ఉంటుంది. సంఘానికి పెద్దను పెకాసె అంటారు. మన రాయలసీమ నీరుగంటి పనీ, నీటి సంఘం అధ్యక్షుడి పెత్తనమూ, గుడి ధర్మకర్త బాధ్యతా ఒక్కడి మీదే పడితే ఎలా ఉంటుందో పెకాసె పదవి అలా ఉంటుంది.

మన చివరి ఆయకట్టు రైతుకు వెంటనే ఒక అనుమానం రావాలి. పైవాడు కిందికి నీళ్లు ఎందుకు వదులుతాడు? మన కాలువల మీద ఎగువవాడి దయ మీద బతకడం అలవాటే కదా. అమెరికా మానవశాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్ ఏళ్ల తరబడి బాలిలో ఉండి తేల్చిన జవాబు ఆసక్తిగా ఉంటుంది. ఎగువవాడికి నీటి భయం లేదు, పురుగు భయం ఉంది. దిగువ పొలాలు వేరే తేదీల్లో నాట్లు వేస్తే ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట పచ్చని పైరు ఉంటుంది. సుడిదోమ లాంటి పురుగు ఒక మడి నుంచి ఇంకో మడికి ఎగబాకుతూ ఎప్పటికీ చావదు. అందరూ ఒకేసారి వేసి ఒకేసారి కోసి, ఒకేసారి మళ్లు ఎండగడితే దానికి తిండి దొరకదు. కాబట్టి ఎగువవాడు నీళ్లిస్తాడు, దిగువవాడు తేదీకి కట్టుబడతాడు. ఆ తేదీ నీటిగుడి పూజల కాలెండర్ ప్రకారం ఖాయమవుతుంది. పైకి భక్తిలా కనబడేదాని కింద ఇంత లెక్క ఉంది. భక్తి కూడా ఉందనుకోండి.

1970లలో హరిత విప్లవం వచ్చినప్పుడు ఈ కాలెండర్‌ను పక్కన పెట్టించారు. పొట్టి వంగడాలిచ్చి, విరామం లేకుండా ఎన్ని పంటలు వీలైతే అన్ని వేయమన్నారు. మొదట దిగుబడి పెరిగింది. తర్వాత సుడిదోమ, దాని వెనకే తుంగ్రో తెగులు వచ్చాయి. మందు కొట్టేకొద్దీ దోమ పెరిగింది, ఎందుకంటే దాన్ని తినే సాలీళ్లు ముందు చచ్చాయి. చివరికి 1986లో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించాల్సి వచ్చింది. బాలిలో రైతులు మళ్లీ గుడి చెప్పిన తేదీలకే వచ్చారు. ఐఆర్ 64 వేసి, సుడిదోమతో మళ్లు వలయాలుగా మాడిపోవడం చూసిన మన రైతుకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆస్తి సంగతికి వద్దాం. ‘పచ్చటి పొలం ఎదురుగా, ప్రశాంతమైన పల్లెలో విల్లా’ అనే ప్రకటన ఈమధ్య మన ఫోన్లలోకీ వస్తోంది. బాలికి హనీమూన్‌కు వెళ్లొచ్చిన జంటలు, సింగపూర్‌లో స్థిరపడ్డ మనవాళ్లు అక్కడ కాస్త భూమి కొంటే ఎలా ఉంటుందని అడుగుతుంటారు. జవాబు చిన్నదే. కొనలేరు. 1960 నాటి ఇండోనేషియా మౌలిక భూచట్టం ప్రకారం పూర్తి హక్కు, అంటే హక్ మిలిక్, ఆ దేశ పౌరులకే. విదేశీయుడికి వారసత్వంగా వచ్చినా ఏడాదిలోపు వదులుకోవాల్సిందే. నేరుగానో దొడ్డిదారినో విదేశీయుడి చేతికి పోయేలా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి రాదు. 26వ నిబంధన ఈ మూడూ ఒకేచోట చెబుతుంది. విదేశీయుడికి మిగిలే దారులు మూడు: కౌలు, నివాసం కోసం వాడుక హక్కు, కంపెనీ పెడితే కట్టడపు హక్కు. చివరి రెండూ 30 ఏళ్లకు ఇచ్చి, 20 ఏళ్లు పొడిగించి, మరో 30 ఏళ్లకు కొత్తగా ఇవ్వొచ్చు.

అయినా కొంటున్నారు. ఎలా అంటే మన మన్యంలో 1/70 చట్టాన్ని దాటినట్టే. గిరిజనుడి పేరు మీద కాగితం, గిరిజనేతరుడి చేతిలో భూమి. అక్కడ స్థానికుడి పేరు మీద కాగితం, ఆస్ట్రేలియావాడి చేతిలో విల్లా. పేరు అరువిచ్చినవాడు రేపు చనిపోతే వాడి కొడుకులు వచ్చి ఇల్లు మాదంటారు. చట్టం కూడా వాళ్ల వైపే నిలబడుతుంది. ఈ కట్టడి అన్యాయమని వాపోయే ప్రవాసులకు ఒక మాట: మన దేశంలోనూ ప్రవాస భారతీయుడు సాగుభూమి కొనడానికి విదేశీ మారక చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అంతే. భూమి చాలక అల్లాడే దేశం తన పొలాన్ని డాలర్ల వేలంలో పెట్టకపోవడంలో నాకు తప్పేమీ కనబడదు.

కానీ ఆ చట్టం ఆపింది అమ్మకాన్నే. పొలం పోవడాన్ని ఆపలేకపోయింది. లెక్క చూడండి. బాలిలో భూమిని ‘ఆరే’ల్లో కొలుస్తారు. ఒక ఆరే 100 చదరపు మీటర్లు. మన గుంట 101 చదరపు మీటర్లు కాబట్టి రెండూ ఒకటే అనుకోవచ్చు. 30 ఆరేలు, అంటే ముప్పావు ఎకరం ఉన్న రైతును తీసుకుందాం. హెక్టారుకు 5 టన్నుల చొప్పున పంటకు టన్నున్నర వడ్లు. 2025 జనవరి నుంచి ప్రభుత్వం పచ్చి వడ్లకు కిలో 6,500 రుపియాల ధర కట్టింది. మన డబ్బులో 34, 35 రూపాయలు. మన సాధారణ రకానికి 2025-26 మద్దతు ధర కిలో 23 రూపాయల 69 పైసలే కాబట్టి అది మంచి ధరే. అయినా మొత్తం పంట విలువ కోటి రుపియాలకు కాస్త తక్కువ. అంటే యాభై వేల రూపాయలు. అందులోంచి దమ్ము, విత్తనం, ఎరువు, కోత కూలి పోవాలి. విల్లాల జోరున్న చాంగూలో ఒక్క ఆరే ఏడాది కౌలే రెండు కోట్ల రుపియాలకు పైమాట. ముప్పై గుంటల వరి పంట రెండింతలైనా ఒక్క గుంట కౌలుకు సరిపోదు. పైగా కౌలు పాతికేళ్లదీ ఒకేసారి చేతికొస్తుంది. జతిలువి చాంగూ కాదు, ధరలు అంత లేవు. కానీ చాంగూ కూడా మొన్నటిదాకా వరి పొలమే.

ఒక విల్లా లేచాక ఏం జరుగుతుందన్నది నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయం. పునాది కోసం పిల్లకాలువను పక్కకు తిప్పుతారు, లేదా పైపులో పెట్టి సిమెంటు పోస్తారు. కిందున్న నాలుగు మళ్లకు నీళ్లు తగ్గుతాయి. ప్లాస్టిక్ చెత్త మాత్రం తగ్గదు. సుబక్‌లో సభ్యులు ఒకరిద్దరు తగ్గారు కాబట్టి కాలువ పూడికతీత మిగిలినవాళ్ల మీద పడుతుంది. నీళ్లు అందని కిందివాడు రెండు పంటలు చూసి మూడోదానికి తనదీ కౌలుకిచ్చేస్తాడు. వాడికి ఆశ పుట్టి కాదు, దారి లేక. అప్పటికి మొదటి విల్లా ఎదురుగా పొలం ఉండదు, రెండో విల్లా వెనక గోడ ఉంటుంది.

రైతుల పిల్లలేమో డెన్‌పసార్ నగరంలోని హోటళ్లకో, విలాస నౌకల్లో కొలువులకో వెళ్తున్నారు. ఆస్తిలో వంతు వచ్చేది ఎక్కువగా కొడుకులకే. ఆ కొడుకే ఓడ మీద ఉంటే బురదలోకి దిగేదెవరు? ఇండోనేషియా మొత్తం మీద చూసినా 2023 వ్యవసాయ గణనలో అర హెక్టారు కన్నా తక్కువ భూమి ఉన్న సాగు కుటుంబాలు కోటీ 60 లక్షలు దాటాయి. పదేళ్ల కిందటి కన్నా అది ఎక్కువే. భూమి విలువ పెరిగినా రైతుకు సంబరం లేదు, పన్నూ దాని వెంటే పెరుగుతుంది. మధ్య జావాలోని పాతి జిల్లాలో 2025లో భూమి, ఇళ్ల పన్నును 250 శాతం దాకా పెంచబోతే ఆగస్టులో జనం రోడ్డెక్కారు. జిల్లా అధిపతి పెంపును వెనక్కి తీసుకోక తప్పలేదు.

అక్కడ కాపురం పెట్టదలచినవాళ్లకు ఒక హెచ్చరిక, నవ్వుకుంటూనే చెబుతున్నాను. ఆ పల్లెల్లో ప్రశాంతత ఉందేమో కానీ నిశ్శబ్దం లేదు. వేకువన కోళ్లు, ఆపైన చేతి ట్రాక్టర్లు, రాత్రి గామెలాన్ వాద్యాల సాధన. మధ్యలో బంజార్, అంటే వాడసంఘం, సమావేశానికి పిలుస్తూ కొయ్యడోలు మోత. పండగ పూట తెల్లారకముందే మగవాళ్లంతా చేరి మాంసం, కొబ్బరి తరిగి లావార్ అనే వంటకం కలుపుతుంటే కత్తుల చప్పుడు. ఏడాదికి ఒక్కరోజు న్యేపీ పండగ నాడు మాత్రం విమానాశ్రయం సహా అన్నీ మూతపడతాయి. ఆ ఒక్కరోజు నిశ్శబ్దాన్ని కూడా ఊరంతా కట్టుబాటుతో కలిసి చేస్తుంది. పచ్చదనమూ అంతే. దాన్ని ప్లాటు కాగితంలో రాసి ఎవరూ ఎవరికీ అమ్మలేరు.

నా మొగ్గు రైతు వైపు ఉండటానికి కారణం ఇదే. పంటభూములను కాపాడే చట్టం ఇండోనేషియాకు 2009 నుంచే ఉంది. 2025 సెప్టెంబరు వరదల తర్వాత గవర్నర్ వాయన్ కోస్తర్ పంటభూముల్లో హోటళ్లు, రెస్టారెంట్లకు కొత్త అనుమతులు ఉండవన్నారు. మంచిదే. కానీ 2024లో 63 లక్షల మంది విదేశీయులను రప్పించిన అందాన్ని కాపాడే బరువంతా ముప్పై గుంటల రైతు నెత్తినే పెట్టి, కాఫీ కూడా అమ్ముకోవద్దంటే ఎలా? జతిలువి ప్రవేశ టికెట్ డబ్బులో ఊరికీ సుబక్‌కూ కొంత వెళ్తోంది. ఆ వాటా పెరగాలి, నేరుగా మడి మీదికి రావాలి. గట్టు చెక్కినవాడికి, కాలువ తోడినవాడికి ఆ పనికే కూలి కట్టివ్వాలి. తీరంలోని పెద్ద హోటళ్ల నుంచి కూడా ఇందుకు వసూలు చేయొచ్చు, వాళ్ల బ్రోషర్ల మీద ఉండేదీ ఈ పొలాలే కదా. ఎర్రబియ్యానికి మామూలు బియ్యం మీద వచ్చే అదనపు ధర దళారీ దగ్గర ఆగకుండా చూడాలి. కౌలు పత్రం మీద భూయజమానితో పాటు సుబక్ సంతకం కూడా తప్పనిసరి చేయాలి. అప్పుడు కాలువ తిప్పే ముందు కింది నలుగురినీ అడగక తప్పదు.

ఈలోగా మనవాళ్లెవరైనా అక్కడ ఒకటి రెండు గుంటలు కౌలుకు తీసుకోవాలనుకుంటే బ్రోకర్ కన్నా ముందు పెకాసెను కలవండి. ఆ స్థలంలోంచి పోయే కాలువ ఎన్ని మళ్లకు నీళ్లిస్తుంది, నాట్లు ఏ నెలలో, పూడికతీతలో మీ వంతు ఎంత, భూమి ఒకరిదా అన్నదమ్ములందరిదా, గుడి మాన్యం ఏమైనా కలిసి ఉందా అని అడగండి. నోటరీ దగ్గరికి ఆ తర్వాత వెళ్లొచ్చు.