శిశువుల నాలుకయందలి తిత్తులు



మా పొరుగింట నాలుగు మాసముల పసివాడు పాలు త్రాగునపుడెల్ల రొమ్ము విడిచి యేడ్చుచుండెను. తల్లి దీపము దగ్గర నోరు తెరచి చూడగా, నాలుక క్రింద రేగుపండంత నున్నని ఉబ్బు కనబడెను. ఇంటిలోని పెద్దమ్మగారు "నీటిబుడ్డయే కదా, సూది కాల్చి పొడిచిన అణగిపోవును" అనిరి. మేము వలదని వారించి, తల్లికి తోడుగా వైద్యశాలకు పోతిమి. అచ్చట తెలిసికొన్న సంగతులు ఇతర తల్లులకును ఉపయోగించునని యీ మాసమున వ్రాయుచున్నాము.

ఇట్టి తిత్తులు మిక్కిలి అరుదు. తల్లి తినిన తిండివలనగాని, గ్రహణమువలనగాని, దృష్టిదోషమువలనగాని ఇవి కలుగవు. గర్భస్థశిశువునకు నాలుగవ వారమున నాలుక యేర్పడ నారంభించును. వేరువేరు మొగ్గలుగా పుట్టిన భాగములు కలిసి యొక్క నాలుక యగును. ఆ కలయికలో చర్మమునకో, జీర్ణకోశమునకో చెందవలసిన కణములు కొన్ని లోపల చిక్కుకొనవచ్చును. అవి తమ స్వభావమును మానక అచ్చటనే పెరిగి, తిత్తి కట్టును. సూదితో నీరు తీసినను లోపలి పొర నిలిచియే యుండును గనుక తిత్తి మరల నిండును. పైగా చీము పట్టు భయమును కలదు.

పైకి చూచిన అన్నియు నొక్క తీరుగనే యుండును. భేదమంతయు లోపలి పొరలో నున్నది. చర్మపు పైపొర మాత్రమే యున్నచో ఎపిడర్మాయిడ్ అనియు, వెండ్రుకల మూలములు, చమురుగ్రంథులుకూడ నున్నచో డెర్మాయిడ్ అనియు, ఇతర ధాతువులును కలసియున్నచో టెరటాయిడ్ అనియు వైద్యు లందురు. నోటి అడుగు తిత్తులను ఇట్లు మూడుగా 1955లో మేయర్ అను నాతడు విభజించెను. కొన్నిటిలో జీర్ణకోశపు పొరయో, శ్వాసనాళపు పొరయో కనబడును. వీనిని ఫోర్‌గట్ తిత్తు లందురు.

ఈ భేదమును కంటితో కనుగొనుట యసాధ్యము. తీసిన తిత్తిని ఫార్మలిన్ ద్రవమున నుంచి, మైనములో పొదిగి, మిల్లీమీటరులో వేయింట నాలుగైదు పాళ్ళ మందమున పలుచగా కోయుదురు. పిదప రెండు రంగులు వేయుదురు. చెట్టు చేవనుండి వచ్చు హెమటాక్సిలిన్‌వలన కణబీజములు నీలముగను, ఇయోసిన్‌వలన తక్కినవి గులాబిగను కనబడును. మా యింటివారు పాఠశాలలో పిల్లలకు సూక్ష్మదర్శినియందు ఉల్లిపొర చూపుదురు, ఇదియు నట్టిదే.

నాలుక మొదట నున్న ఉబ్బు విషయమున మరింత జాగ్రత్త వలయును. వ్యాకరణము చదివిన సోదరీమణులు జిహ్వామూల మను మాట నెరుగుదురు. థైరాయిడ్ గ్రంథి పుట్టునది ఆ తావుననే. అది యేడవ వారమునాటికి మెడకు దిగవలయును. ఒక్కొక్క శిశువున దిగక అచ్చటనే యుండిపోవును. అట్టివారిలో పెక్కుమందికి వేరు థైరాయిడ్ ఉండదు. తిత్తి యని భ్రమించి తీసివేసినచో బిడ్డ యావజ్జీవము మందు మ్రింగవలసివచ్చును. కావున శస్త్రమునకు ముందు అల్ట్రాసౌండుతో మెడయందు గ్రంథి కలదో లేదో చూపించుకొనవలయును.

మా పొరుగింటి బిడ్డకు శస్త్రచికిత్స సుఖముగా జరిగెను. అప్పుడు మేనమామ "కోసి తీసినదానికి మరల పరీక్ష యేల? డబ్బు దండుగ" అనెను. తల్లి కన్నీటితో మావైపు చూచి, "అక్కయ్యగారూ, ఏమి చేయుదును?" అని యడిగెను. పేరు తెలియని రోగమునకు భయపడుటకంటె పేరు తెలిసికొనుటయే మేలంటిమి. పది దినములకు కాగితము వచ్చెను. లోపల జీర్ణకోశపు పొర కలదనియు, తిత్తి సంపూర్ణముగా తీయబడెననియు, చెడుగుణము లేదనియు అందు వ్రాయబడెను. పూర్తిగా తీసిన తిత్తి మరల వచ్చుట అరుదని వైద్యులు ధైర్యము చెప్పిరి.

బిడ్డ పాలు త్రాగలేకున్నను, ఊపిరి పీల్చునపుడు గురక వచ్చినను ఒక దినమైన ఆగక వైద్యశాలకు పొండు. పరీక్ష కాగితమును అడిగి తీసికొనుడు. మా పొరుగింటి తల్లి దానిని బిడ్డ జాతకముతోబాటు పెట్టెలో భద్రపరచినది.