మోత కాదు, మాట కావాలి

మా అబ్బాకు డెబ్బై రెండేళ్ళు. టీవీ ముందు కూర్చుంటే రెండు నిమిషాలకోసారి "క్యా బోల్రై వో?" అని అడుగుతారు. ఆవాజ్ పెంచితే ఫైటింగులు చెవులు చిల్లులు పొడుస్తాయి, మాటలు మాత్రం గొణిగినట్టే ఉంటాయి. ఈ తక్లీఫ్ చూడలేక పోయిన రంజాన్‌కు ఉప్పల్‌లో ఒక దుకాణంలో 5.1 సౌండ్‌బార్ కొన్నాను. ముందు బార్, వెనక్కి రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్.

బిగించడానికొచ్చిన పిల్లగాడు టీవీకి బ్లూటూత్ కలిపి, ఒక పాట మోగించి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ఇంట్లో అందరూ మాషాఅల్లాహ్ అన్నారు. సోఫా వెనక స్పీకర్లు మాత్రం ఖామోష్. అబ్బా సవాలూ మారలేదు. దుకాణానికి ఫోన్ చేస్తే "సార్, ఇంకా పెద్ద మోడల్ తీసుకోవాల్సింది" అన్నారు.

నా ఎతరాజ్ అక్కడే. పెద్దది కొన్నా ఇదే జరిగేది. బ్లూటూత్‌లో టీవీ పంపేది ఎడమ, కుడి అని రెండు పాయల ఆవాజే. ఆరు పాయలూ రావడానికి మేలైన దారి హెచ్‌డీఎంఐ వైరు. అదీ టీవీ వెనక ఏ పోర్టులో పడితే ఆ పోర్టులో కాదు, ఏఆర్‌సీ అనో ఈఏఆర్‌సీ అనో రాసి ఉన్న ఒక్కదాంట్లోనే. తర్వాత సెట్టింగుల్లో సీఈసీ ఆన్ చేయాలి. దీనికి కంపెనీకో పేరు! సామ్‌సంగ్ వాళ్ళది ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీది సింప్‌లింక్, సోనీది బ్రావియా సింక్. మామూలు మనిషి ఎట్లా పోల్చుకోవాలి?

ఇంత చేసినా నాకు పలకలేదు. నాచారంలో ఉండే మా ఆపా కొడుకు ఆదివారం వచ్చి చూసి, "మామూ, ఇది పీసీఎంలో ఉంది కదా!" అన్నాడు. అంటే టీవీయే ఆరు పాయల్నీ రెండుగా కలిపేసి పంపుతోంది. డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌లో దాన్ని ఆటోకు మార్చాడు. కొన్ని టీవీల్లో పాస్‌త్రూ అనో, బిట్‌స్ట్రీమ్ అనో ఉంటుంది. బార్ మీద డాల్బీ అని వెలిగింది. సినిమాలో వాన మా వీపు వెనక కురిసింది. పైసా ఖర్చు లేదు. ఆపా ఇంట్లోనూ ఆరు నెలలు అదే పీసీఎం అట.

అయితే అన్నిటికీ వెనక స్పీకర్లు పలకవు. యూట్యూబ్‌లోవి చాలావరకు రెండు పాయలే. వాటితో పరఖ్ చేసి డబ్బా ఖరాబైందని అనుకోకండి. ఓటీటీ సినిమా ఆడియోలో 5.1 అని ఉందో లేదో చూసి పెట్టండి.

నిజం చెప్పాలంటే మాకు ఫాయిదా వెనక స్పీకర్లతో కాదు, మధ్యదానితో. 5.1లో డైలాగులు ఎక్కువగా మధ్య పాయలో ఉంటాయి. అది విడిగా వస్తే, మా బార్‌లో దాన్నొక్కదాన్నే పెంచుకోవచ్చు. వయసు మీద పడ్డవాళ్ళకు సాధారణంగా ముందు జారిపోయేవి సన్నని ఆవాజులు. స, ష లాంటి అక్షరాలు. సినిమా మొత్తాన్నీ పెంచితే ఆ అక్షరాలు మోత కింద నలిగిపోతాయి. (చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామంటే అబ్బా జిద్ వేరే. ఆ పని ఇంకా మిగిలే ఉంది.)

దుకాణంవాళ్ళు ఐదు నిమిషాలు ఓపిక పట్టి ఈ సెట్టింగ్ చేసి చూపిస్తే ఏం పోయింది? వేలు పోసి కొన్నవాళ్ళకు ఆ హక్ లేదా? వెనక స్పీకర్ పలికేదాకా ఆ పిల్లగాడికి చాయ్ పోయకండి.

సబ్‌వూఫర్ సంగతి వేరే. ఆ దడదడను గోడలు ఆపవు, నేలలోంచి కింది ఫ్లాట్ కప్పులోకి దిగుతుంది. మా కింద పదో తరగతి పిల్ల చదువుకుంటోంది. హమ్‌సాయా హక్ కూడా ఉంది కదా. దాన్ని సగానికి తగ్గించి, రాత్రిళ్ళు నైట్ మోడ్ పెడుతున్నాం. మా పిల్లలు నారాజ్ అయ్యారు. అబ్బా మాత్రం మొన్న సినిమా మధ్యలో "ఆవాజ్ కొంచెం తగ్గించు, వాళ్ళెందుకట్లా అరుస్తున్నారు?" అన్నారు.