పర్సంటైల్ అంటే పర్సంటేజీ కాదమ్మా!

జేఈఈ మెయిన్ ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం మా ఎదురింటి ఆవిడ ముఖం ఇంత చేసుకుని వచ్చింది. "చూడండి పిన్నిగారూ! వీడికి తొంభై రెండు వచ్చిందట. ర్యాంకు మాత్రం లక్ష దగ్గరుండొచ్చని కాలేజీలో అన్నారట. నూటికి తొంభై రెండు తెచ్చుకున్నవాడికి లక్షో ర్యాంకేమిటండీ? వీడేదో దాస్తున్నాడు" అంది. ఆ పిల్లాడు గుమ్మం పక్కన తల దించుకుని నిలబడ్డాడు. "అవి మార్కులు కాదమ్మా" అని రెండుసార్లు అన్నాడు. ఎవరు వినాలి?

వాడేమీ దాచలేదు. ఆవిడా చెడ్డ తల్లి కాదు. మన చిన్నప్పటి నుంచి మనకు తెలిసిన లెక్క ఒక్కటే, నూటికి ఎన్ని? ముప్ఫై అయిదు వస్తే పాసు, అరవై వస్తే ఫస్టు క్లాసు. ఇప్పుడు పిల్లల చేతికొచ్చే కాగితం మీద ఉన్నది ఆ లెక్క కాదు. ఈ సంగతి తల్లిదండ్రులకు తీరిగ్గా చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. అందుకే ఏటా ఫలితాల రోజున ఎన్నో ఇళ్ళలో ఇదే పంచాయితీ.

అసలు సంగతేమిటో చూద్దాం. జేఈఈ మెయిన్ లక్షలమంది రాసే పరీక్ష. అందరినీ ఒకేసారి కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టలేరు. అందుకని కొన్ని రోజులపాటు, రోజుకు రెండు షిఫ్టుల్లో పెడతారు. ప్రతి షిఫ్టుకూ వేరే ప్రశ్నపత్రం. ఒకటి తేలిగ్గా ఉండొచ్చు, ఒకటి చుక్కలు చూపించొచ్చు. తేలిక పేపరు రాసిన పిల్లకు 120, కష్టం పేపరు రాసిన పిల్లకు 110 వస్తే ఎవరు మెరుగు? మార్కులు చూసి చెప్పలేం. అందుకే 2019 నుంచి, అంటే నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ ఈ పరీక్ష చేపట్టినప్పటి నుంచి, మార్కుల్ని పర్సంటైల్‌గా మార్చి ఇస్తున్నారు.

పర్సంటైల్ అంటే ఏమీ లేదు. రేషన్ షాపు ముందు క్యూలో నూరు మంది ఉన్నారనుకోండి. 92 పర్సంటైల్ అంటే ఎనిమిది మంది మీకన్నా ముందున్నారని అర్థం. మీతో సమానంగా, మీ వెనకాల ఉన్నవాళ్ళు 92 మంది, అందులో మీరూ ఒకరు. ఆ షిఫ్టులో రాసినవాళ్ళలో మన పిల్లతో సమానంగానో తక్కువగానో మార్కులు వచ్చినవాళ్ళు నూటికి ఎంతమంది అన్నదే ఆ అంకె. ఇప్పుడు ఆ క్యూలో 12 లక్షల మంది ఉన్నారనుకోండి. 92 పర్సంటైల్ వచ్చినవాడి ముందు నూటికి ఎనిమిది చొప్పున 96 వేల మంది ఉంటారు. ఎదురింటి పిల్లాడి లెక్క అక్షరాలా సరిపోయింది కదా! ఒక్క పర్సంటైల్ తేడా అంటే 12 వేల మంది. అందుకే ఆ స్కోరును దశాంశం తర్వాత ఏడు అంకెల దాకా ఇస్తారు.

ఇందులోనే ఇంకో తిరకాసు ఉంది. వంద పర్సంటైల్ అంటే 300కి 300 అని కాదు. ఏ షిఫ్టులో అందరికన్నా ఎక్కువ ఎన్ని మార్కులొస్తే అవే ఆ షిఫ్టుకు వంద. 2024లో దేశం మొత్తంమీద 56 మందికి వంద పర్సంటైల్ వచ్చింది, అందులో 15 మంది తెలంగాణ పిల్లలే. గొప్పే, కాదనం. అయితే ఆ బొమ్మలు వేసి కోచింగ్ సెంటర్లు వీధి వీధినా కట్టే ఫ్లెక్సీలు చూసి, "వాళ్ళకి నూటికి నూరు, నీకేం రోగం?" అని పిల్లల్ని అడిగేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన ఎంసెట్ సంగతి మరోలా ఉంటుంది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ దాని పేరు ఈఏపీసెట్. ఆన్‌లైన్ అయ్యాక దానికీ షిఫ్టులు వచ్చాయి. ఇక్కడ పర్సంటైల్ కాదు, మార్కుల్నే సర్దుతారు. దాన్ని నార్మలైజేషన్ అంటారు. లెక్క వెనకున్న ఆలోచన ఇదీ. పొద్దుటి షిఫ్టులో 160కి సగటు 60 మార్కులు, పిల్లల మార్కులు ఆ సగటుకు అటూ ఇటూ 20 మేర చెదిరి ఉన్నాయనుకుందాం. ఈ చెదురునే స్టాండర్డ్ డీవియేషన్ అంటారు. మధ్యాహ్నం షిఫ్టులో సగటు 50, చెదురు 15. పొద్దున రాసి 80 తెచ్చుకున్న అమ్మాయి సగటుకన్నా ఒక చెదురు పైన ఉంది. మధ్యాహ్నం రాసి 68 తెచ్చుకున్న అమ్మాయి సగటుకన్నా 18 పైన, అంటే 1.2 చెదుర్లు పైన ఉంది. పన్నెండు మార్కులు తక్కువొచ్చినా రెండో పిల్లే ముందన్నమాట. అసలు సూత్రంలో ప్రతి షిఫ్టులో మొదటి 0.1 శాతం మంది సగటు కూడా కలుస్తుంది. మూలం మాత్రం ఇదే. దీనిమీద ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ. తెలంగాణలో దాన్ని 2023లో తీసేశారు.

ఇదంతా చేసేది కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్. సూత్రం తెలిసి, అందరి మార్కులూ చేతిలో ఉంటే డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివిన ఆడపిల్ల ఇంట్లో కూర్చుని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో చేసేయగలదు. లెక్కలో బ్రహ్మవిద్యేమీ లేదు. కాకపోతే రెండు ప్రశ్నలున్నాయి.

మొదటిది, ఈ లెక్క ఒక నమ్మకం మీద నిలబడింది. అన్ని షిఫ్టుల్లోనూ చురుకైనవాళ్ళూ, మామూలువాళ్ళూ సమపాళ్ళలో పడతారని ఆ నమ్మకం. ఒక షిఫ్టులో గట్టి పిల్లలు ఎక్కువ పడితే, అక్కడ రాసిన మామూలు పిల్లకు నష్టమే. ఈ భయంతోనే 2024 నవంబరులో ప్రయాగరాజ్‌లో ఉద్యోగార్థులు నాలుగు రోజులు రోడ్డుమీద కూర్చుంటే, ఉత్తరప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పీసీఎస్ ప్రిలిమ్స్‌ను ఒకే రోజు పెట్టడానికి ఒప్పుకుంది. డాక్టర్లు రాసే నీట్ పీజీ 2024లో రెండు షిఫ్టుల్లో జరిగింది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఏ రెండు ప్రశ్నపత్రాలూ ఒకే కష్టంతో ఉండవనీ, నార్మలైజేషన్ తప్పనిసరి పరిస్థితుల్లోనే తప్ప ఏటా అలవాటుగా చేసేది కాదనీ చెప్పి, ఒకే షిఫ్టులో పెట్టమంది. ఆగస్టు 3న అలాగే పెట్టారు. చేయాలనుకుంటే చేయగలరన్నమాట.

రెండోది, లెక్క సరైనదే అయినా, లోపలికి వెళ్ళే అంకె తప్పయితే? కంప్యూటర్ చెప్పింది వేదం కాదని మనకు 2019 ఏప్రిల్‌లోనే తెలిసింది. తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో అప్పుడు జరిగింది మార్కుల నమోదులో, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు. తెలుగులో సున్నా అని చూపించిన ఒక అమ్మాయికి తిరిగి చూస్తే వచ్చింది 99! ఫెయిలన్నవాళ్ళలో వెయ్యిమందికి పైగా రీవెరిఫికేషన్‌లో పాసయ్యారు. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లుల ముందు ఏ సాఫ్ట్‌వేర్ నిలబడి జవాబు చెబుతుంది?

అందుకే నేనడిగేది ఏమిటంటే, షిఫ్టులు తప్పవంటే లెక్కను ఇంట్లోవాళ్ళకి కూడా అర్థమయ్యేలా ఇవ్వండి. జేఈఈ మెయిన్ స్కోరు కార్డుమీద పర్సంటైల్ ఉంటుంది గాని 300కి ఎన్ని వచ్చాయో ఉండదు. పిల్లలే కీ దగ్గర పెట్టుకుని లెక్కేసుకోవాలి. అసలు మార్కులు, రాసిన షిఫ్టు, ఆ షిఫ్టులో ఎంతమంది రాశారు, సగటు ఎంత, చెదురు ఎంత అనే అయిదు అంకెలు కార్డుమీద వేయడానికి ఏం ఖర్చవుతుంది? కింద తెలుగులో రెండు వాక్యాలు, "ఇది మార్కుల శాతం కాదు, మీ స్థానం" అని రాస్తే ఎన్ని ఇళ్ళలో గొడవలు తగ్గుతాయి!

ఇక మన వంతు. అంకె తెలియక మనం తీసుకునే నిర్ణయాలకు ఎక్కువ బలయ్యేది ఆడపిల్లలే. 88 పర్సంటైల్ వచ్చిన కొడుకును "ఈసారి సరిగ్గా పడలేదులే" అని లాంగ్ టర్మ్ కోచింగ్‌లో వేస్తాం. అదే స్కోరు కూతురికి వస్తే, "లక్ష దాటిన ర్యాంకు, ఇంకెందుకు? ఊళ్ళో డిగ్రీలో చేర్చేద్దాం" అంటాం. పన్నెండు లక్షల మందిలో పదిన్నర లక్షల మందిని వెనకేసిన పిల్ల అది! ఆ మాట ఒక్కసారి దాని ముఖం చూసి అన్నామా? ఒక షిఫ్టులో ఒక పూట మూడు గంటలు రాసిన పరీక్ష దాని బతుకంతటికీ కొలమానం కాదు. జేఈఈకి రెండు విడతలుంటాయి, రెండింట్లో మెరుగైన స్కోరే తీసుకుంటారు. ఈఏపీసెట్ ఉంది, ఇంకా ఎన్నో దారులున్నాయి.

ఆ సాయంత్రం ఎదురింటావిడకు క్యూ లెక్క చెప్పాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "మరి ఈ మాట నాకు ముందే చెప్పొచ్చుగా నాన్నా?" అంది. "చెప్పానుగా" అన్నాడు వాడు.

వాళ్ళు చెబుతూనే ఉంటారు. ఈసారి ఫలితాల రోజున తిట్టడానికి నోరు తెరిచేముందు, "ఈ అంకెకి అర్థమేమిటో నాకు చెప్పమ్మా" అని అడిగి చూడండి.