ఏదొచ్చినా యెస్ కొట్టెయ్ నాన్నా!

ఇంట్లో కంప్యూటర్ పాడైతే మన సాఫ్ట్‌వేర్ జనాల మొదటి మాట ఒకటే: "నాన్న ఏదో నొక్కేసుంటారు". మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నేనూ అదే అన్నాను.

తెలుగు టైపింగ్ కోసమని నాన్న ఎక్కడో దొరికిన సెటప్ ఫైలొకటి నడిపించారు. తెర మసకబారింది. మార్పులు చెయ్యనివ్వాలా అని విండోస్ అడిగింది, తయారుచేసింది ఎవరో తెలీదని కూడా చెప్పింది. ఆయన యెస్ కొట్టారు. ఇక బ్రౌజర్ నిండా ప్రకటనలే.

"చూసుకోవద్దా?" అని ఎగిరాను. ఆయన నింపాదిగా, "ప్రింటర్ పెట్టినప్పుడు ఏదొచ్చినా యెస్ కొట్టెయ్ నాన్నా అని ఫోన్లో నువ్వే కదరా చెప్పావు?" అన్నారు.

నిజమే, చెప్పాను. మీలో ఎంతమంది చెప్పలేదు?

ఈ ప్రశ్న 2007లో విస్టాతో వచ్చింది. చీటికీ మాటికీ అడుగుతోందని జనం తిట్టుకున్నారు, యాపిల్ టీవీ ప్రకటనల్లో వెక్కిరించింది. 2009లో విండోస్ 7 అడగడం తగ్గించింది. కానీ కొత్త కంప్యూటర్లో మొదట తెరిచే ఖాతా ఇప్పటికీ అడ్మినిస్ట్రేటరే. అందులో కాపలా అంతా ఒక్క నొక్కుడు. అదే స్టాండర్డ్ ఖాతా అయితే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఇది మనకి తెలీదా? సర్వర్లో రూట్‌గా పనిచేసే జూనియర్‌ని చీల్చి చెండాడతాం. ఆఫీసు లాప్‌టాప్‌లో చిన్న టూల్ కావాలన్నా టికెట్ పెట్టి పడిగాపులు కాస్తాం. ఇంటికొచ్చేసరికి మాత్రం బీరువా తాళం బీరువాకే వదిలేసి, పోయాక పెద్దవాళ్ళని తిడతాం.

"పాస్‌వర్డ్ మన దగ్గరుంటే రోజూ ఫోన్లే కదా" అంటారేమో. బ్రౌజర్‌కీ, వీడియోలకీ, పీడీఎఫ్‌లకీ ఆ ప్రశ్నే రాదండీ. కొత్తదేదైనా ఎక్కించినప్పుడే సాధారణంగా వస్తుంది. అప్పుడు ఫోన్ రావాల్సిందే. అది బెడద కాదు, మనం చెయ్యాల్సిన పని.

దీంతో అన్నీ ఆగిపోతాయని కాదు. స్టాండర్డ్ ఖాతాలో నడిచే ప్రోగ్రాము కూడా ఆ ఖాతాలోని ఫోటోలని చెరిపెయ్యగలదు. అందుకే బ్యాకప్ వేరే డిస్కులో పెట్టి, డిస్కు ఊడదీసి ఉంచాలి.

తిరుగు బస్సెక్కేలోపు విండోస్ మళ్ళీ ఎక్కించి, అడ్మిన్ ఖాతా వేరుగా పెట్టి, నాన్న ఖాతాని స్టాండర్డ్ చేశాను. "ఏదైనా అడిగితే పేరు చదివి నాకు చెప్పండి" అన్నాను.

మొన్న ఫోన్ చేశారు. "ఒరేయ్, ఇదేదో పాస్‌వర్డ్ అడుగుతోంది. తయారుచేసింది ఎవరో తెలీదంటోంది. వద్దులే కదా?"

వద్దులే నాన్నా.

ఇంతకీ మీ ఇంట్లో కంప్యూటర్ ఏ ఖాతాలో నడుస్తోందండీ?